లేబుల్ దాచి రుచి చూసిన ఏడాది: ఇంట్లో వైన్ చేసుకునే మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నెలకోసారి కలుద్దామనుకున్నాం. రెండు నెలలు కుదరలేదు, మిగతా 10 సార్లూ కలిశాం. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు కాబట్టి వాటి జోలికి నేను వెళ్లడం లేదు. నేను చెప్పాల్సింది ప్రధానంగా ఒక్క మార్పు గురించి. ఈ ఏడాది మనం సీసాలకు ముసుగేశాం.

అంతకుముందు ఎలా ఉండేదో మీకు తెలుసు. వైన్ చేసినవాళ్లే పక్కన నిలబడి పోసేవారు. కాకిపిల్ల కాకికి ముద్దు కాబట్టి వాళ్లకు తప్పు కనిపించేది కాదు, తాగేవాళ్లు మొహమాటానికి "బాగుంది" అనేవారు. అసలు మాట ఇంటికెళ్లే దారిలో ఇద్దరు ముగ్గురి మధ్య బయటికొచ్చేది. అందుకే కార్యవర్గం ఒక పద్ధతి పెట్టింది. ప్రతి సీసా మందపాటి కాగితం సంచిలోకి వెళ్తుంది, మెడ దగ్గర దారం, పైన అంకె. ఆ రోజు పోసేవాళ్లు రుచి చూడరు, మార్కులు వేయరు. ప్రతి వరుసలో మన వైన్లతో పాటు అదే రకం ద్రాక్షతో చేసిన, దాదాపు అదే వయసున్న కొన్న సీసా కనీసం ఒకటి ఉండాలి.

మొదటి సమావేశంలోనే బోర్లాపడ్డాం. ఆరు గ్లాసుల్లో కొన్నది ఏదో చెప్పమంటే ఎక్కువమంది మన సభ్యురాలు ఒకావిడ చేసిన వైన్‌ని చూపించారు. సంతోషించాలో చిన్నబుచ్చుకోవాలో ఆవిడకి అర్థం కాలేదు. కారణం తర్వాత తేలింది. ఆవిడ మడ్డి మీది నుంచి మూడుసార్లు ఓపిగ్గా తేర్చారు, వైన్ అద్దంలా ఉంది. కొన్న సీసాలో అడుగున కాస్త మడ్డి ఉంది. తేటగా ఉంటే కొన్నది, మసకగా ఉంటే ఇంట్లో చేసింది అని మనమంతా ముందే తీర్మానించేసుకున్నాం. నాలుక దాకా వెళ్లనేలేదు.

మూడో సమావేశంలో పోసింది నేనే. చెప్పకుండా ఒక పని చేశాను. రెండో గ్లాసులో, ఐదో గ్లాసులో ఒకే సీసాలోని వైన్ పోశాను. మనం వాడేది అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో 1959లో రూపొందిన 20 మార్కుల పట్టిక. ఒక సభ్యుడు రెండో దానికి 12 వేసి "నీళ్లలా ఉంది" అని రాశారు, ఐదో దానికి 16 వేసి "నిండుగా ఉంది" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేం. రెండోది బాగా వగరున్న ఎర్ర వైన్ తర్వాత వచ్చింది, ఐదోది పుల్లటి దాని తర్వాత వచ్చింది. ముందు తాగినదాని నీడ తర్వాతి దాని మీద పడుతుంది. సంగతి చెప్పగానే ఇద్దరు ముగ్గురికి కోపం వచ్చింది, "ఇది మోసం" అన్నారు. క్షమాపణ అప్పుడే చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. కానీ పని మాత్రం మళ్లీ చేస్తాను.

ఈ విషయంలో మనం ఒంటరివాళ్లం కాదు. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆయన స్వయంగా వైన్ తయారీదారు. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో 2005 నుంచి 2008 వరకు న్యాయనిర్ణేతలకు ఒకే సీసాలోని వైన్ మూడేసిసార్లు పోయించి చూశారు. మూడుసార్లూ ఒకే పతకం స్థాయిలో మార్కులు వేసినవాళ్లు పదిమందిలో ఒకరు. 2001లో అచ్చయిన, ఫ్రాన్స్‌లోని బోర్డోలో జరిగిన పరిశోధన ఇంకా తమాషాగా ఉంటుంది. వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే దాని వాసనలు వర్ణించారు. అందుకని ఒక్కరి మార్కుని ఇకమీద లెక్కలోకి తీసుకోం. అందరి మార్కుల్లో మధ్యది చూస్తాం.

ఇక లోపాల సమావేశం. నా దృష్టిలో ఈ ఏడాది మనకి ఎక్కువ పనికొచ్చింది ఇదే. కొత్త సభ్యుడొకరు తెచ్చిన ఎర్ర వైన్ గ్లాసు ముక్కు దగ్గరికి రాకముందే కుళ్లిన గుడ్డు వాసన కొట్టింది. "ఈ ద్రాక్ష తీరే అంత" అన్నాడతను. అబద్ధం కాదు, నెలల తరబడి ఆ వాసన మధ్యే ఉండటంతో అతని ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేసింది. ఒక రాగి ముక్కని బాగా తోమి గ్లాసులో వేసి తిప్పాం. రెండు నిమిషాల తర్వాత చూస్తే వాసన పోయి, దాని కింద అణిగి ఉన్న పండు వాసన బయటికొచ్చింది. అతని మొహం చూడాలి! ఈస్ట్‌కి నత్రజని చాలకపోతే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే ఆ కంపు వాయువుని వదులుతుంది, రాగి దాన్ని పట్టేస్తుంది. ఇది లోపం పోల్చుకోవడానికి మాత్రమే. ఆ గ్లాసు పారబోశాం, పెద్ద సీసాల్లో రాగి ముక్కలు పడేయకండి. వచ్చేసారి పులిసేటప్పుడు మొదటి మూడో వంతులోపే ఈస్ట్‌కి పోషకం ఇస్తానన్నాడు.

అదే రోజు కొన్న సీసా ఒకటి తడిసిన అట్టపెట్టె వాసన వేసింది. అది కార్క్ నుంచి వచ్చే టీసీఏ అనే రసాయనం. లీటరుకి కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పట్టేస్తుంది. దుకాణంలో కొన్నవాటికీ చెడే రాత ఉంటుందని తెలిసి లోలోపల కాస్త సంబరపడ్డాం, ఒప్పుకోవాలి.

మన తెల్ల వైన్ల సంగతి మాత్రం సంబరంగా లేదు. ఒకే వయసున్న కొన్నది తాజాగా ఉంటే మనవి మూడు గోధుమ రంగుకి తిరిగి, దెబ్బతిన్న యాపిల్ వాసన వేశాయి. ఆక్సిజన్ తగిలింది. ఆరా తీస్తే ముగ్గురూ వైన్‌ని ఆక్సిజన్ నుంచి కాపాడే సల్ఫైట్‌ని కళ్లంచనాతో వేస్తున్నారు. పీహెచ్ అంటే ఆమ్లత్వపు కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. పీహెచ్ 3.2 ఉన్న వైన్‌కి లీటరుకి సుమారు 20 మిల్లీగ్రాముల స్వేచ్ఛా సల్ఫర్ డయాక్సైడ్ (సల్ఫైట్ నుంచి వచ్చి, వైన్‌లో దేనితోనూ కలవకుండా మిగిలింది) సరిపోతుంది. 3.6 ఉంటే అదే రక్షణకి సుమారు 50 కావాలి. అందరికీ ఒకే చెంచా ఎలా కుదురుతుంది? సంఘం తరఫున ఒక పీహెచ్ మీటరు కొన్నాం. తీసుకెళ్లినవాళ్లు పీహెచ్ 4, 7 ఉన్న ప్రామాణిక ద్రావణాలతో సరిచూశాకే వాడండి. ఎండిపోయేలా పడేసి తిరిగివ్వకండి.

పొరపాట్లూ జరిగాయి. ఒక సమావేశంలో 11 గ్లాసులు పెట్టాం. ఏడో దాని దగ్గరికొచ్చేసరికి నాలుకలు మొద్దుబారిపోయాయి, నవ్వులు ఎక్కువయ్యాయి, పట్టిక మీద ఎవరి రాతా అర్థం కాలేదు. ఇకపై ఆరుకి మించవు. ఉమ్మడానికి గిన్నెలు పెడుతున్నా చాలామంది సిగ్గుపడి మింగేస్తున్నారు. ఉమ్మితే చేసినవాళ్లని అవమానించినట్టు కాదు. బండి నడిపేవాళ్లు మింగనే వద్దు.

వచ్చే ఏడాది మూడు గ్లాసుల పరీక్ష మొదలుపెడదామని ప్రతిపాదన. రెండింట్లో ఒకే వైన్, మూడో దాంట్లో వేరేది. ఏది వేరో చెప్పాలి. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక్కసారి కనిపెట్టి మీసం మెలేస్తే చెల్లదు. మన వైన్‌కీ కొన్నదానికీ తేడా నిజంగా తెలుస్తోందా అన్నది దీంతో తేలుతుంది.

గ్లాసులు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. సబ్బు వాసన లేకుండా వేడి నీళ్లతో కడిగి, బోర్లించి ఆరబెట్టి తీసుకురండి. కిందటి నెల ఒక గ్లాసులోని నిమ్మ వాసన వైన్‌దా సబ్బుదా అని పావుగంట వాదించుకున్నాం. చివరికి సబ్బుదేనని తేలింది.

ఇట్లు,
కార్యదర్శి