మంగళ, బుధవారాల్లో దుకాణం ఎందుకు మూస్తున్నామంటే

మా దగ్గరికి సైకిళ్లు తెచ్చే అందరికీ ఒక మాట. ఇకపై మంగళ, బుధవారాల్లో మధ్యాహ్నం దాకా దుకాణం తెరవం. పంక్చర్లు, బ్రేకులు, చక్రాల బెండు తీయడం, అన్నీ ఆ రెండు పూటలూ ఆగుతాయి. వ్యాపారం పడిపోయిందా అని కొందరు మొహం మీదే అడిగారు. పడిపోలేదు. అలాగని లేచిందీ లేదు. రిపేర్ల మీదే ఆధారపడితే ఇంతకు మించి ఎదుగుదల ఉండదని లెక్కల పుస్తకం చెబుతూనే ఉంది. అందుకే ఇంకో పని తలకెత్తుకున్నాం. ఈ దారి వెంట ఉన్న లాడ్జీలు, భోజనశాలలు, చిన్న కొట్లు సైకిలు యాత్రికులు ధైర్యంగా ఆగగలిగే చోట్లుగా మారేందుకు సాయపడుతున్నాం.

ఇది సమాజసేవ కాదు. వెళ్లి చూసి సలహా చెప్పినందుకు రుసుము తీసుకుంటాం, స్టాండ్లు బిగించినందుకు కూలి తీసుకుంటాం. దారిన పోయే సైకిళ్లు పెరిగితే తెగిన చైన్లు, విరిగిన స్పోకులు మా దగ్గరికే వస్తాయన్న ఆశ కూడా ఉంది. మేము ఒక చోటును మెచ్చుకుంటే ఈ సంగతి మనసులో పెట్టుకునే వినండి.

వ్యాపారులు మొదట అడిగేది, ఈ సైకిలు యాత్రికుల వల్ల మాకేం ఒరుగుతుందని. న్యాయమైన ప్రశ్నే. సామాను కట్టుకుని వెళ్లే సైకిలు యాత్రికుడు మామూలుగా రోజుకు 60 నుంచి 80 కిలోమీటర్లు నడుపుతాడు. కారులో వెళ్లేవారు రెండు గంటల్లో దాటేసే ఆ దూరంలో అతను పగలంతా గడుపుతాడు. ఆ దారిలోనే తింటాడు, తాగుతాడు, చీకటి పడితే అక్కడే పడుకుంటాడు. మోయాల్సిన ప్రతి వస్తువూ ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్ల మీద పడుతుంది కాబట్టి ముందుగా ఏదీ కొని దాచుకోడు. ఏ పూటకు కావలసింది ఆ పూటే, ఎదురైన చోటే కొంటాడు. అదే కారణంగా బొమ్మలు, జ్ఞాపికలు అమ్మేవారికి ఇతనితో పెద్ద బేరం కుదరదు. అలాంటి కొట్టు యజమాని ఒకరు మమ్మల్ని పిలిస్తే, మీకు ఈ ఖర్చు దండగ అని చెప్పి వచ్చేశాం. ఆయన కాస్త నొచ్చుకున్నారు కూడా.

రెండో ప్రశ్న స్టిక్కర్ గురించి. 'సైకిలు యాత్రికులకు స్వాగతం' అని తలుపుకు అంటించే కాగితం అందరికీ ముందే కావాలి. మేము చివరన ఇస్తాం. స్టిక్కర్ చూసి ఆగిన మనిషికి సైకిలు ఆనించే చోటు కూడా దొరకకపోతే, ఆ సంగతి సాయంత్రానికి తోటి యాత్రికులందరికీ తెలిసిపోతుంది.

మా అసలు పేచీ అంతా స్టాండు దగ్గరే. బజారులో చవకగా దొరికే స్టాండు ముందు చక్రాన్ని గాడిలో దూర్చే రకం. వెనక రెండు పక్కలా సంచులున్న సైకిలు అందులో కొంచెం ఒరిగిందంటే బరువంతా ముందు రిమ్ము మీద పడి అది మెలి తిరుగుతుంది. తాళం కూడా చక్రానికే పడుతుంది, చక్రం ఊడదీస్తే మిగతా సైకిలు దొంగదే. మేము పెట్టించేది తలకిందులు చేసిన 'యు' ఆకారపు లావుపాటి ఇనుప గొట్టం. రెండు కాళ్లూ నేలలో కాంక్రీటులోకి దిగాలి. ఫ్రేము దానికి ఆనుతుంది, ఒకే తాళంలో ఫ్రేమూ చక్రమూ రెండూ ఇముడుతాయి. గొట్టానికీ గొట్టానికీ మీటరు ఎడం ఉండాలి. లేకపోతే ఒకరి సంచులు ఇంకొకరి పెడళ్లలో చిక్కుకుంటాయి. ఇంతవరకు ఎవరూ కాదనరు. అది ఎక్కడ పాతాలన్న మాట వచ్చేసరికి తగువు మొదలవుతుంది. ముంగిట ఇనుప గొట్టాలు అందంగా ఉండవు, వెనక పెరట్లో పెట్టండి అంటారు. వెనక పెడితే ఎవరూ ఆగరు. యాత్రికుడి ఇల్లు, సామాను, తిరుగు ప్రయాణం అన్నీ ఆ సైకిలు మీదే ఉంటాయి. కూర్చున్న చోటి నుంచి అది కనబడకపోతే సగం తిని లేచిపోతాడు. అందుకే స్టాండు చోటు ఖరారు చేసే ముందు యజమానిని లోపల బల్ల దగ్గర కూర్చోబెట్టి, బయట ఒక సైకిలు నిలబెట్టి, కనబడుతోందా అని అడుగుతాం. ఆ తర్వాత వాదన ఉండదు.

లాడ్జీల విషయంలో మేము కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. జర్మనీలో ఏడీఎఫ్‌సీ అనే సైక్లిస్టుల సంఘం 1995 నుంచి 'బెట్+బైక్' పేరుతో ఇలాంటి బసలను గుర్తిస్తోంది. ఫ్రాన్సులో 'అక్కై వెలో' అనే గుర్తింపు ఉంది, అది కావాలంటే ఆ చోటు గుర్తించిన సైకిలు మార్గానికి 5 కిలోమీటర్ల లోపు ఉండాలి. జపానులో ఒనోమిచి రేవు పక్కన పాత గోదామును హోటలుగా మార్చారు, అక్కడ సైకిలును గదిలోకే తీసుకెళ్లవచ్చు. ఆ ఊరి నుంచే ఇమబారి దాకా దీవుల మీదుగా 70 కిలోమీటర్ల సైకిలు దారి సాగుతుంది. లాడ్జీల కోసం మేము వేసుకున్న నిబంధనల పట్టికలో ముఖ్యమైనవి జర్మనీ వారి నిబంధనలకు దగ్గరగానే ఉంటాయి: ఒక్క రాత్రికైనా గది ఇవ్వాలి, సైకిళ్లకు తాళం వేసే గది ఉండాలి, తడిసిన బట్టలు ఆరేసుకునే వీలుండాలి.

మొదటిదే అందరికీ మింగుడు పడదు. సెలవు రోజుల్లో రెండు రాత్రులకు తక్కువైతే గది ఇవ్వమనే లాడ్జీలు చాలా ఉన్నాయి. మర్నాడు ఇంకో ఊళ్లో ఉండాల్సిన మనిషికి ఆ నియమం గేటు మూసినట్టే. సైకిళ్ల గది తప్పనిసరిగా కింది అంతస్తులోనే ఉండాలి. బ్యాటరీ సైకిళ్లు 20, 25 కిలోలు తూగుతాయి, వాటిని మెట్ల మీదుగా మోయమనడం, గోడ కొక్కేనికి ఎత్తి తగిలించమనడం కుదరని పని. చార్జింగుకు ప్లగ్గు ఇస్తే చాలు, చార్జర్ ఎవరిది వారే తెచ్చుకుంటారు. అయితే రాత్రంతా కాపలా లేకుండా చార్జింగులో వదలొద్దని, దెబ్బ తిన్న బ్యాటరీని అసలు పెట్టనివ్వొద్దని గట్టిగా చెబుతున్నాం. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం తేలిక కాదు. ఇక యాత్రికులు ఎండకు జడిసి తెల్లవారుజామునే బయలుదేరతారు. లెక్క ముందు రాత్రే తేల్చేస్తే పొద్దున్నే ఎవరి నిద్రా చెడదు.

ప్రతి చోటా ఒక చిన్న పెట్టె ఉంచుతున్నాం. సన్నటి ప్రెస్టా వాల్వుకూ, మోటారు సైకిళ్లకుండే ష్రేడర్ వాల్వుకూ పట్టే గాలి పంపు, ఆరు పలకల గుంట ఉన్న బోల్టులు తిప్పే 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు, టైరు ఊడదీసే లివర్లు, ప్యాచీలు, చైను నూనె, ఒక పాత గుడ్డ. అన్నిటికంటే ముందు మాయమయ్యేది గుడ్డే. తువ్వాళ్లు నల్లబడటం ఆపాలంటే ఇంకో రెండు ఉంచండని లాడ్జీవారికి చెప్పాం.

పైసా ఖర్చు లేని పని ఒకటుంది, అదే అన్నిటికంటే కష్టం. దారి అడిగితే కిలోమీటర్లలో చెప్పడం. 'ఎంతో దూరం లేదు, పది నిమిషాలే' అంటారు. ఆ పది నిమిషాలు మోటారు వాహనానివి. మధ్యలో ఎత్తు ఉంటే సైకిలుకు అవి గంట కావచ్చు. దూరమెంత, ఎత్తు ఎక్కడ, నీళ్లు మళ్లీ ఎక్కడ దొరుకుతాయి అనే మూడూ ఒక అట్ట మీద రాసి గోడకు తగిలించమంటున్నాం.

ఫలితం మాటకొస్తే, ఇప్పటికి పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. పెట్టిన స్టాండ్లను యాత్రికుల కంటే రోజూ పనికి వెళ్లేవారే ఎక్కువగా వాడుకుంటున్నారు. మాకు అభ్యంతరం లేదు, వాళ్లూ లోపలికి వెళ్లి ఏదో ఒకటి కొంటున్నారు. రోడ్డు పక్కన సైకిలు నడిపేందుకు అంచు వదలని చోట, లారీలు ఒరుసుకుంటూ పోయే చోట మాత్రం స్టాండు పెట్టమన్నా పెట్టడం లేదు. ఆ దారి మీదికి జనాన్ని పిలిచే ధైర్యం మాకు లేదు. అక్కడి వ్యాపారులను ముందు రోడ్డు అంచు కోసం అర్జీ పెట్టమంటున్నాం.

మీ సైకిళ్లు సోమవారం సాయంత్రంలోగా ఇస్తే గురువారానికి సిద్ధం చేస్తాం. దుకాణం మూసి ఉన్నా బయట గాలి పంపు ఎప్పటిలాగే ఉంటుంది, డబ్బులు అక్కర్లేదు. మేము బిగించిన స్టాండుకు అడ్డంగా మోటారు సైకిళ్లు పెట్టి ఉండటం మీ కంటబడితే ఫొటో తీసి పంపండి. యజమానితో మేమే మాట్లాడతాం.