ఒంటరిగా తిరుపతికి నడిచేవాడికి కాస్త చోటు వదలండి: కేంద్ర రహదారుల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది చెన్నైలో విల్లివాక్కం. తిరుపతికి నడిచి వస్తామని మొక్కుకోవడం మా ఇళ్లలో మామూలే. ఆవడి, తిరువళ్లూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా దాదాపు 140 కిలోమీటర్లు. చెన్నైలోని చెన్నకేశవ పెరుమాళ్ గుడి నుంచి తిరుమల స్వామికి గొడుగులు ఊరేగింపుగా కదిలే పెరటాసి రోజుల్లో (తమిళ నెల, సెప్టెంబరు-అక్టోబరు) ఈ దారికి లోటుండదు. మజ్జిగ పందిళ్లు, అన్నదానాలు, పోలీసు బందోబస్తు, అన్నీ ఉంటాయి. నేను వెళ్లింది మార్చిలో, ఒక్కడినే. ఆ ఏర్పాట్లన్నీ గుంపుకేనని అప్పుడు అర్థమైంది.

తిరువళ్లూరు నుంచి తిరుత్తణి చేరిన రోజు సంగతే చెబుతాను. తెల్లారకముందే బయలుదేరాను. పదకొండుకల్లా తారు కాగిపోయి అరికాళ్లలో పొక్కులు లేచాయి. వాటికి మీరేం చేస్తారు, మొక్కుకున్నది నేను. నీళ్లయిపోతే ఓ పంక్చర్ షాపాయన తన బిందెలోంచి సీసా నింపిచ్చాడు. ఎండ గండం అలా గడిచింది.

నా టెన్షనంతా కల్వర్టుల దగ్గరే. రోడ్డు పక్క మట్టి మీద నడుస్తుంటాం. కల్వర్టు వచ్చిందంటే ఆ మట్టి ఆగిపోతుంది, పిట్టగోడ వచ్చి తెల్లగీతని ఆనుకుంటుంది. లారీలు పోయే చోటికి దిగక తప్పదు. బండ్లకి ఎదురుగా నడవమంటారు. మంచి సలహానే, నేనూ అలాగే నడిచాను. కానీ ఎదురుగా బస్సు వస్తోందని తెలిసినా ఏం లాభం? తప్పుకోవడానికి చోటుండాలి కదా! ఖాళీ దొరికేదాకా ఆగడం, బ్యాగు అదిమిపట్టుకుని ఆ పొక్కుల కాళ్లతోనే పరుగెత్తడం. కనకమ్మసత్రం దాటాక చీకటి పడింది. గుంపుంటే డ్రైవర్లు దూరం నుంచే చూసి స్లో చేస్తారు. ఒక్క మనిషి వాళ్ల కళ్లకి ఆనడు. పైగా బండ్లు హైబీమ్ కొడితే నడిచేవాడికే దారి కనపడదు. ఓ వంతెన దగ్గర అలా చాలాసేపు నిలబడిపోయాను.

మీ శాఖ అచ్చేసిన లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో 32,825 మంది కాలినడకన పోతున్నవాళ్లు. వీళ్లంతా మాలాంటి మొక్కులవాళ్లు కారు. రోడ్డు పక్క ఊళ్లలో బడికో పొలానికో పోయేవాళ్లు కూడా ఇలాంటి కల్వర్టులు దాటాల్సిందే, అదీ రోజూ.

ఈ దారి కొంత తమిళనాడుది, కొంత ఆంధ్రాది. జాతీయ రహదారి కాబట్టి మీకే రాస్తున్నాను. ఫుట్‌పాత్ వెడల్పు కనీసం 1.8 మీటర్లుండాలని రోడ్లకి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో చెప్పింది. మాకు టైల్స్, దీపాలు అక్కర్లేదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడే కల్వర్టుల మీదా వంతెనల మీదా బండ్లని ఆపే ఇనుప కంచెకి (క్రాష్ బ్యారియర్) అవతల ఆ 1.8 మీటర్లు నడిచేవాళ్లకి వదిలించండి. తర్వాత పగలగొట్టి చేయాలంటే ఎవరూ చేయరు, అది మీకూ తెలుసు.

ముందుగా ఈ పెరటాసి లోపు, చెన్నై నుంచి తిరుపతి దాకా మనిషి రోడ్డు మీదికి దిగక తప్పని చోట్లు ఎన్నున్నాయో లెక్క తీయించండి. లెక్క తీసే ఇంజినీరు మాత్రం జీపు దిగి నడవాలి. ఒక్కడే, పొద్దుగూకాక.

ఇట్లు,
విల్లివాక్కం నుంచి ఒక పాదచారి