కార్యదర్శి వార్షిక నివేదిక: పిల్లల కన్‌సైన్‌మెంట్ సేల్, ఇతర కార్యక్రమాలు

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన డాలస్ తెలుగు సంఘం నియమావళిలో ఉంది కాబట్టి రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, దాచడం ఎందుకు? మార్చిలో మూడు రోజులు స్కూల్ జిమ్‌లో నిలబడి కాళ్ళు వాచినవాళ్ళ పని ఎక్కడో ఒకచోట రాతలో ఉండాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన దండాలూ చప్పట్లూ మూడో రోజుకే పైకి వెళ్ళిపోయాయి.

సంక్రాంతి, ఉగాది, వేసవి పిక్నిక్, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. ముగ్గుల పోటీ చలి వల్ల లోపల పెట్టాం, నల్ల చార్టుల మీద. ఉగాది పచ్చడికి ఎండు వేపపువ్వు దొరికింది. పిక్నిక్ రోజు డాలస్ ఎండ సంగతి మీకు తెలియనిది కాదు, పులిహోర కంటే ఐస్ బస్తాలే ముందు అయిపోయాయి. వీటి గురించి ఇంతకంటే చెప్పేది లేదు. ఈ ఏడాది మనం కొత్తగా చేసింది పిల్లల సేలు: పిల్లలు వాడి వదిలేసిన బట్టలూ సామాన్లూ ఎవరివి వాళ్ళు తెస్తే, సంఘం అమ్మిపెట్టి వచ్చిన డబ్బులో వాళ్ళ వాటా వాళ్ళకిస్తుంది. నివేదికలో ఎక్కువ భాగం దానికే.

ఈ ఆలోచన మనం కనిపెట్టిందేమీ కాదు. ఈ దేశంలో చర్చిలూ, కవల పిల్లల తల్లుల క్లబ్బులూ ఏటా వసంతంలో ఒకసారి, స్కూళ్ళు తెరిచే ముందు ఒకసారి ఇలాంటి సేల్స్ పెడుతూనే ఉంటాయి. జస్ట్ బిట్వీన్ ఫ్రెండ్స్ అనే పెద్ద సేల్ కూడా 1997లో మన పక్కనే ఓక్లహోమాలో, టల్సాలో, ఇద్దరు తల్లులు మొదలుపెట్టిందే. మన గరాజుల్లో స్ట్రోలర్లు, బేబీ స్వింగులు, ఒక్కసారి తొక్కి వదిలేసిన సైకిళ్ళు పేరుకుపోయి కార్లు ఎండలో ఉంటున్నాయి. ఇంకోపక్క కొత్తగా వచ్చిన జంటలు అవే సామాన్లు నిండు ధర పెట్టి కొంటున్నారు. మధ్యలో ఒక బల్ల వేస్తే చాలు కదా అని మన మహిళా విభాగం వాళ్ళు అన్నారు. చాలు అన్నంత తేలిగ్గా మాత్రం అవలేదు.

పద్ధతి మీకు తెలిసిందే. అమ్ముడైన ధరలో అమ్మేవాళ్ళకి 60 శాతం, వాలంటీరుగా నాలుగు గంటల షిఫ్టు ఒకటి చేస్తే 70. షిఫ్టు చేసినవాళ్ళకి శుక్రవారం సాయంత్రమే ప్రీసేల్, మిగతావాళ్ళకి శనివారం పొద్దున తలుపులు తెరుస్తాం, ఆదివారం సగం ధర.

"వాడిన బట్టలా?" అని మొదట్లో ముఖం చిట్లించినవాళ్ళు మనలో తక్కువమందేం కాదు. నేనూ కొంచెం తటపటాయించాను. ఆ మాటకి జవాబు ఇండియా నుంచి వచ్చిన ఒక అమ్మమ్మగారు కమిటీ మీటింగులోనే ఇచ్చారు. "పుట్టిన బిడ్డకి ముందు పాత బట్టే కదర్రా చుట్టేది, పురుడయ్యాకే కదా కొత్తది" అన్నారు. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

ఆ అమ్మమ్మగారి గురించి ఇంకొంచెం రాయాలి. పట్టు లంగాల రాక్ మొత్తం ఆవిడే చూసుకున్నారు. ఆ రాక్ ఒక తలనొప్పి. అమెరికా బట్టల మీద 4టి, 5టి అని ఉంటుంది, మన లంగాల మీద 22, 24, 26 అని ఉంటుంది, కుట్టించినవాటి మీద అసలేమీ ఉండదు. మా సాఫ్ట్‌వేర్ బుర్రలన్నీ కలిసి ఒక ఎక్సెల్ షీటు చేశాయి. ఆవిడ దాన్ని చూడనైనా చూడలేదు. లంగాని నడుం దగ్గర పట్టుకుని, రెండు జానలు కొలిచి, "ఇది ఐదేళ్ళ పిల్లకి, సన్నంగా ఉంటే ఆరుకీ వస్తుంది" అనేవారు. అంచు తిరగేసి లోపలికి మడిచి కుట్టిన కుట్టు చూసి, "ఇది విప్పితే ఇంకో రెండేళ్ళు" అని నాతో ట్యాగ్ మీద రాయించేవారు. "మడత ఉంది, విప్పుకోవచ్చు" అని తెలుగులో రాసిన ట్యాగులున్న లంగాలు ప్రీసేల్‌లోనే వెళ్ళిపోయాయి. పుట్టినరోజుకి ఒకసారి, ఉగాదికి ఒకసారి కట్టి బీరువాలో పెట్టిన కంచి పట్టు అది. శనివారం పొద్దున వచ్చినవాళ్ళకి ఆ రాక్ మీద ఖాళీ హ్యాంగర్లు కనిపించాయి.

హ్యాంగర్ల గురించి కూడా రెండు మాటలు. కొక్కెం ఎడమ వైపు తిరిగి ప్రశ్నార్థకంలా కనిపించాలని మూడు ఈమెయిళ్ళలో, ఒక వీడియోలో చెప్పాం. ఒకే వైపు లేకపోతే రాక్ మీద బట్టలు ఒకదానికొకటి చిక్కుకుంటాయి, వంద బట్టల్ని మళ్ళీ తిప్పి వేలాడదీయాలి. ట్యాగింగ్ గన్‌తో బట్ట మధ్యలో పొడిస్తే చిల్లు పడుతుంది, కుట్టు మీదో మెడ దగ్గరి లేబుల్ మీదో పొడవాలని కూడా చెప్పాం. శుక్రవారం మధ్యాహ్నం వచ్చిన పెట్టెల్లో సగం తప్పు వైపు తిరిగి ఉన్నాయి. ఒకరైతే అసలు హ్యాంగర్లే లేకుండా చెత్త సంచిలో పోసి తెచ్చి, "మీరు చూసుకోండి" అని వెళ్ళిపోయారు. పేరు చెప్పను, వారు ఈ సమావేశానికి వచ్చి ఉండొచ్చు.

కొన్ని వస్తువులు వెనక్కి పంపినందుకు కొందరికి కోపం వచ్చింది. ఒక పక్క కిందికి జారే తొట్లు (పసిపిల్లల్ని పడుకోబెట్టే క్రిబ్బులు) 2011 జూన్ 28 నుంచి ఈ దేశంలో అమ్మకూడదు, పాతవైనా సరే. వాటిలో పిల్లలు ఇరుక్కుని చనిపోయారు కాబట్టే ఆ నిషేధం వచ్చింది. ఒక సభ్యుడు అలాంటి తొట్టినే టేకు రంగు మెరుగు పెట్టించి తెచ్చారు. "మా పిల్లలిద్దరూ ఇందులోనే పెరిగారండీ, ఏమీ కాలేదు" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది, ఆ తొట్టి చెక్క మీద పంటిగాట్లు ఇంకా ఉన్నాయి. అయినా తీసుకోలేం. తొట్టి చుట్టూ కట్టే బంపర్ పరుపులు, ఏటవాలుగా పడుకోబెట్టే స్లీపర్లు కూడా అంతే, 2022లో వచ్చిన చట్టంతో వాటి అమ్మకం ఆగిపోయింది. కార్ సీట్లకి గడువు తేదీ ఉంటుందని చాలామందికి తెలియదు. సీటు తిరగేస్తే కింద స్టిక్కర్ మీదో ప్లాస్టిక్‌లోనే అచ్చుపడో ఉంటుంది. అది దాటినవి, యాక్సిడెంట్‌లో ఉన్నవి తీసుకోలేదు. ఈ తనిఖీ బల్ల దగ్గర ఒక్క ఫోను పట్టుకుని రీకాల్ జాబితాలో (ప్రమాదమని కంపెనీలు వెనక్కి తీసుకున్న వస్తువుల జాబితా) మోడల్ నంబర్లు వెతుకుతూ ఆరు గంటలు కూర్చున్న ఇద్దరు తండ్రులకి సంఘం రుణపడి ఉంది. వాళ్ళకి భోజనం పంపడం మర్చిపోయాం, క్షమించాలి.

ఇక వాలంటీర్ల సంగతి. సైన్‌అప్ షీటులో 42 పేర్లున్నాయి. శుక్రవారం మధ్యాహ్నం జిమ్‌లో నేను లెక్కపెడితే, మా ఆవిడతో కలిపి 19 మంది ఉన్నాం. "అన్నా, సారీ, ఆఫీసులో రిలీజ్ ఉంది" అని వరసగా మెసేజీలు. శుక్రవారం రిలీజ్ పెట్టే కంపెనీలు డాలస్‌లో ఇన్ని ఉన్నాయని నాకు ఆ రోజే తెలిసింది. అదే మనుషులు సాయంత్రం ఆరింటికి ప్రీసేల్ లైన్లో ముందు నిలబడ్డారు. మొహమాటానికి పోయి లోపలికి పంపాం. అది కమిటీ తప్పు, నాది కూడా. రెండు షిఫ్టులు చేసిన ఒక చెల్లెమ్మ తను పక్కన పెట్టుకుందామనుకున్న డబుల్ స్ట్రోలర్‌ని ఒక్క గంట కూడా పని చెయ్యనివాళ్ళు తోసుకుంటూ వెళ్ళడం చూసింది. ఏమీ అనలేదు. అనుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఇదే సందర్భంలో ఒక సభ్యుడు మంచి ప్రశ్న అడిగారు. పనిచేసినవాళ్ళకి ప్రీసేల్, ఎక్కువ శాతం ఇస్తే అది జీతం కింద లెక్క కాదా అని. 2013లో కార్మిక శాఖ రియా లానా అనే ఆర్కాన్సా కంపెనీ సేల్స్‌లో ఇలా పనిచేసినవాళ్ళని ఉద్యోగులే అని తేల్చింది, ఆ గొడవ కోర్టు దాకా వెళ్ళింది. కానీ అది లాభం కోసం నడిచే వ్యాపారం. మనది లాభాపేక్ష లేని సంఘం, మన పరిస్థితి వేరు. అయినా ఈ ఏడాది ఒక లాయరుతో మాట్లాడి కాగితం మీద పెట్టుకోవాలని కార్యవర్గం అనుకుంది. హెచ్-4 మీద, అంటే ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ళ వెంట వచ్చిన కుటుంబసభ్యుల వీసా మీద ఉన్న మన ఆడపడుచులు కొందరు వాలంటీరుగా రావడానికే భయపడ్డారు కాబట్టి అది ఇంకా అవసరం.

స్టాళ్ళ దగ్గరా ఇదే చిక్కు వచ్చింది. మొత్తం 12 స్టాళ్ళు, ఒక్కోటి పదికి పది అడుగులు, ఒక బల్ల, రెండు కుర్చీలు. కూచిపూడి క్లాసులు, లెక్కల ట్యూషన్లు, పిల్లల డెంటిస్టు, ఫొటోలు తీసేవాళ్ళు, గాజులు, మెహందీ, ఇన్సూరెన్స్, రియల్ ఎస్టేట్. తెలుగు బడి వాళ్ళకి ఉచితం. గాజుల స్టాల్ అడిగిన ఒకావిడకి హెచ్-4 ఉంది, ఈఏడీ (పని అనుమతి కార్డు) లేదు. 2015లో వచ్చిన నిబంధన వల్ల హెచ్-4 వాళ్ళలో గ్రీన్‌కార్డు దారిలో కొంతదూరం వెళ్ళినవాళ్ళ భార్యలకీ భర్తలకీ పని అనుమతి దొరుకుతుంది గానీ, అందరికీ కాదు. మీరు స్టాల్ పెట్టకండమ్మా అని చెప్పాల్సిన పని నామీద పడింది. సంవత్సరం మొత్తంలో నాకు నచ్చని పని అదే. ఆవిడే శనివారం పొద్దున వచ్చి బట్టల రాక్‌లు సర్దిపెట్టి, డబ్బుల మాట లేకుండా సాయంత్రం దాకా ఉన్నారు.

ఊరగాయల స్టాల్‌కి వచ్చినంత జనం ఇంకెక్కడా లేరు. దాని వెనక నిబంధనలు కూడా అంతే ఎక్కువ. ఇంట్లో చేసి అమ్ముకోవచ్చనే టెక్సాస్ చట్టం 2011లో వచ్చింది, 2019లో సవరించాక ఊరవేసిన వాటికీ దారి దొరికింది, పులుపు తగినంత ఉంటే, అంటే పీహెచ్ కొలత 4.6 దాటకుండా ఉంటే. ఇంట్లో వండినదనీ, తనిఖీ జరగలేదనీ సీసా మీద రాసి ఉండాలి. పొడులు తెచ్చిన అక్కగారి సీసాల మీద పేరు తప్ప ఏమీ లేదు. నువ్వుల పొడిలో నువ్వులున్నాయని వేరే రాయడం ఎందుకు అని ఆవిడ వాదన, వినడానికి సబబుగానే ఉంది. కానీ 2023 జనవరి నుంచి నువ్వులు ఇక్కడ ముఖ్యమైన అలర్జీల జాబితాలో తొమ్మిదోది. మన సేల్‌కి తెలుగు తెలియని తల్లులు కూడా వచ్చారు కదా. పాపం ఆవిడ స్టాల్ వెనక నేల మీద కూర్చుని, స్కెచ్ పెన్నుతో సీసా సీసాకీ రాసి, పదకొండింటికి అమ్మడం మొదలుపెట్టారు. రెండింటికల్లా ఖాళీ.

పదకొండున్నరకి కరెంటు పోయింది. దోసెల స్టాల్ వాళ్ళు పక్కపక్కనే 1,500 వాట్ల పెనాలు రెండు ఒకే ప్లగ్గు లైనుకి పెట్టారు, మా బిల్లింగ్ కంప్యూటర్లు కూడా ఆ లైను మీదే ఉన్నాయి. ఒక పెనం ఒక లైనుకే అని స్టాల్ కాగితంలో రాశాం, ఎవరూ చదవలేదు. బ్రేకర్ పెట్టె ఉన్న గది తాళం వేసి ఉంది, తాళం ఉన్న మనిషి ఫోను ఎత్తలేదు. ఇరవై నిమిషాలు చేత్తో బిల్లులు రాశాం. లైను తలుపు దాటి పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళింది. ఒక్కరూ విసుక్కోలేదని రాయాలని ఉంది, కానీ విసుక్కున్నారు. ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి కాలిక్యులేటర్ లేకుండా 8.25 శాతం సేల్స్ టాక్స్ నోటితో కట్టి చెబుతుంటే నేను రాసుకుపోయాను. తర్వాత సరిచూస్తే ఒక్క బిల్లులోనే పైసల్లో తేడా.

హాలు బుకింగ్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ మూడుసార్లు పంపాం. మూడుసార్లూ అందలేదన్నారు. నాలుగోసారి కాగితం చేతిలో పట్టుకుని వెళితే, మొదటిదే ఫైల్లో ఉంది.

లెక్కలు. కోశాధికారిగారు వేరే కాగితంలో ఇచ్చారు, కుర్చీల మీద ఉంది. అమ్మినవాళ్ళకి డబ్బు చేరింది, టాక్స్ కట్టాం, హాలు అద్దె పోను స్టాళ్ళ ఫీజులు దాదాపు అన్నీ మిగిలాయి. అవి ఉపకారవేతనాల నిధికి. ప్రశ్నలుంటే ఆయన్ని అడగండి, నన్ను కాదు.

తీసుకెళ్ళని వస్తువులు ఆదివారం రాత్రి ఒక మహిళా ఆశ్రయానికి ఇచ్చాం. వ్యాన్ తెచ్చిన దంపతులకి, రాక్‌లు అరువిచ్చిన చర్చికి, సమోసాలు పంపిన హోటల్ వారికి, పోస్టర్ గీసిన ఏడో తరగతి అమ్మాయికి, చెత్త ఎత్తి నేల తుడిచి అందరికంటే ఆఖరున వెళ్ళిన యువ విభాగం పిల్లలకి, పిల్లల్ని ఇంట్లో ఒంటరిగా చూసుకున్న నాన్నలకి, అమ్మమ్మగారికి (ఆవిడ మేలో వెనక్కి వెళ్ళిపోయారు, ఈ నివేదిక వాళ్ళ అమ్మాయి చదివి వినిపిస్తానన్నారు) ధన్యవాదాలు. పేరు మిగిలిపోయినవాళ్ళు నన్ను తిట్టండి, వచ్చే నివేదికలో మొదట రాస్తాను.

ఆగస్టులో రెండో సేల్ పెట్టాలా వద్దా అన్నది ఈ రోజు ఓటుకి వస్తుంది. పెడితే షిఫ్టు పూర్తి చేసినవాళ్ళ చేతికి రంగు బ్యాండు కడతాం, బ్యాండు లేనివాళ్ళకి ప్రీసేల్ లేదు, కార్యదర్శికైనా. సైన్‌అప్ కాగితం తలుపు దగ్గర బల్ల మీద ఉంది, ఫోన్ నంబరు కూడా రాయండి. మిగిలిపోయిన హ్యాంగర్లు ఎనిమిది పెట్టెలు మా గరాజులో ఉన్నాయి, మా కారు ఎండలో ఉంది. దయచేసి ఎవరైనా వచ్చి తీసుకెళ్ళండి.

ఇట్లు,
కార్యదర్శి