వార్షిక నివేదిక: పత్రికలతో మన పని ఎలా మారింది

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన ప్రజా సంబంధాల సంఘం శిక్షణ తరగతుల్లో ఎక్కువగా చర్చకు వచ్చిన ప్రశ్న ఇది: ప్రతి సంస్థకూ సొంత వెబ్‌సైటు, సొంత చానెల్ ఉన్నాక పత్రికాఫీసుకు ప్రెస్‌నోట్ పంపడం ఇంకా దేనికి?

1906 అక్టోబరు 28న అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీది నుంచి నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోయారు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ తరఫున దాని ప్రచార సలహాదారు ఐవీ లీ ఆ వివరాలు రాసి పత్రికలకిచ్చారు. న్యూయార్క్ టైమ్స్ వాటిని ఉన్నదున్నట్టు అచ్చేసింది. ప్రెస్‌నోట్ చరిత్రను అక్కడి నుంచే మొదలుపెట్టడం మన రంగంలో వాడుక. ఆనాడు జనానికి చేరాలంటే పత్రికే దారి. ఇప్పుడు చేరడం తేలిక, నమ్మించడం కష్టం. మనకు ఏ సంబంధమూ లేని విలేకరి నాలుగు ప్రశ్నలడిగి, అవతలివాళ్ల మాట కూడా విని రాసిన వార్తకున్న విలువ మన సొంత ప్రకటనకు రాదు. వికీపీడియాలోనూ ఇదే లెక్క: ప్రెస్‌నోట్‌ను యథాతథంగా వేసిన వార్తను స్వతంత్ర ఆధారంగా తీసుకోరు.

అందుకే, నోట్ మొత్తం మార్పు లేకుండా అచ్చయిందని సంబరపడటం మానాలని కార్యవర్గం అభిప్రాయం. చాలా న్యూస్‌రూముల్లో మనుషులు తగ్గారు. ఒకే విలేకరి వార్త రాయాలి, వీడియో తీయాలి, వెబ్‌కీ ఇవ్వాలి. తీరిక లేక నోట్‌ను అలాగే వేసేస్తే మనకు దక్కేది చోటు మాత్రమే. విలేకరి సరిచూసుకోవడానికి వీలుగా సమాచారం ఇవ్వడమే ఇప్పుడు మన అసలు పని.

తరగతుల్లో సరిదిద్దిన నోట్లలో పదేపదే కనిపించిన ఇంట్రో, అంటే మొదటి వాక్యం, ఇలా ఉండేది: ‘వినియోగదారుల సౌకర్యార్థం మా సంస్థ సేవలను విస్తరించడం జరిగింది.’ ఇందులో వార్త లేదు. దీన్నే ఇలా మార్చాం: ‘ఫిర్యాదుల విభాగం సోమవారం నుంచి రాత్రి 9 దాకా పనిచేస్తుంది. ఇప్పటిదాకా సాయంత్రం 5కే మూసేవారు.’ వార్తలు దిద్ది పేజీలో పెట్టే డెస్కులో పేజీ నిండితే కోత కింది పేరాల నుంచి మొదలవుతుంది. ముఖ్యమైనది చివర పెడితే అదే ముందు పోతుంది. నోట్ ఒక పేజీ దాటకూడదు. ప్రతి అంకె ఎక్కడి నుంచి తీసుకున్నదో ఒక ముక్క రాయాలి. కింద ఇచ్చే ఫోన్ నంబరు ఆ సాయంత్రం ఎత్తేవారిదై ఉండాలి. పీఆర్వో (ప్రజా సంబంధాల అధికారి) నంబరిచ్చి ఆయన మీటింగులో ఉంటే వార్త మర్నాటికి పాతబడుతుంది.

నోట్‌ను మెయిల్‌లోనే రాయండి. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అక్షరాలు చెదిరిపోతాయి, దాన్ని మళ్లీ టైపు చేసే ఓపిక డెస్కులో ఎవరికీ ఉండదు. ఫొటో 15 సెంటీమీటర్ల వెడల్పున అచ్చవ్వాలంటే, అంగుళానికి 300 చుక్కల లెక్కన, దాదాపు 1,770 పిక్సెళ్లు కావాలి. మెసేజింగ్ యాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతుంది. డాక్యుమెంటుగా పంపాలి, ఎడమ నుంచి కుడికి ఎవరెవరో పేర్లు రాయాలి.

ఎంబార్గో, అంటే చెప్పిన సమయం దాకా వార్త వేయకూడదన్న ఒప్పందం, విషయంలోనూ పొరపాట్లు జరుగుతున్నాయి. నోట్ పైన సమయం రాసినంత మాత్రాన విలేకరి కట్టుబడినట్టు కాదు. ముందే అడిగి ఒప్పుకున్నాకే సమాచారం ఇవ్వాలి. ఆ సమయానికి ముందే మన సోషల్ మీడియా విభాగం పోస్టు పెట్టేస్తే ఒప్పందం తప్పినవాళ్లం మనమే.

తప్పు వార్త వస్తే వెంటనే ఖండన పంపొద్దు. ఏ వాక్యం తప్పు, సరైనది ఏది, రుజువు ఏమిటి, ఈ మూడూ రాసి ముందు విలేకరికి, తర్వాత డెస్కుకు పంపాలి. వార్త తీసేయమని అడిగితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది, సవరణ అడిగితే వింటారు. వెబ్‌లో సవరణ పడగానే, ఆ వార్తను ఎత్తి వేసుకున్న సైట్లన్నిటికీ దాని లింకు పంపాలి. ఈ చివరి పని చాలామంది వదిలేస్తున్నారు, అందుకే పాత తప్పు సెర్చ్‌లో ఏళ్ల తరబడి కనిపిస్తుంది.

కవరేజీ నివేదిక నమూనాను కూడా మార్చాం. పత్రికలో వార్తకు దక్కిన చోటును (కాలమ్ సెంటీమీటర్లను) ప్రకటన రేటుతో హెచ్చించి ‘విలువ’ చూపే గడి తీసేశాం. ఈ లెక్క ప్రజా సంబంధాల విలువను చెప్పదని 2010లోనే బార్సిలోనా సూత్రాలు (ప్రజా సంబంధాల ఫలితాన్ని కొలిచేందుకు ఈ రంగంవారు ఒప్పుకున్న మార్గదర్శకాలు) స్పష్టం చేశాయి. దాని బదులు మూడు గడులున్నాయి: మన ముఖ్య విషయం వార్తలో ఉందా, విలేకరి సొంతంగా ఎవరితోనైనా మాట్లాడారా, చదివినవారు తర్వాత ఏం చేశారు. మూడోది నింపడం కష్టమే. ఫిర్యాదుల విభాగానికి వచ్చిన కాల్స్ వార్తకు ముందు వారం ఎన్ని, తర్వాత వారం ఎన్ని అన్న దానితో మొదలుపెట్టండి. నింపిన నమూనాలను వచ్చే సర్వసభ్య సమావేశానికి వెంట తీసుకురండి, అక్కడే కూర్చుని సరిచూద్దాం.

— కార్యవర్గం