స్కాట్లాండ్ వ్యవహారాల మంత్రి గారికి: ‘నో’ అన్న ఓటరు రాస్తున్న లేఖ

అయ్యా, నమస్కారం.

స్కాట్లాండ్ యూకే నుంచి విడిపోయి స్వతంత్ర దేశం కావాలా అని ప్రజలనే అడిగిన ఓటింగ్‌లో (రెఫరెండంలో), 2014 సెప్టెంబర్ 18న ఎడిన్‌బరోలోని లీత్‌లో నేను ‘నో’కి ఓటేశాను. అప్పుడు నాది భారత పాస్‌పోర్టు. ఇక్కడ నివసించే కామన్వెల్త్, ఐరోపా దేశాల వాళ్లకూ, పదహారేళ్లు నిండిన పిల్లలకూ ఆ రోజు ఓటుంది. బస్టాపులో పలకరించినా, కూరగాయల కొట్టులో నిలబడినా అదే ముచ్చట: పౌండు ఉంటుందా, పింఛను ఎవరిస్తారు, ఉత్తర సముద్రపు చమురు ఎన్నాళ్లొస్తుంది? నూటికి 84 మందికి పైగా ఓటేశారు. 55 శాతం ‘నో’, 45 శాతం ‘యస్’. మా వీధిలో రెండు వైపుల వాళ్లూ మర్నాడు ఎప్పటిలాగే పలకరించుకున్నారు.

నేను ‘నో’ అనడానికి ఒక కారణం ఐరోపా సమాఖ్య. యూకేలో ఉంటేనే అందులో ఉంటామని మీ వైపు వాళ్లు గట్టిగా చెప్పారు, నమ్మాను. రెండేళ్లు తిరక్కుండానే, 2016 జూన్ 23న ఆ సమాఖ్యలో ఉండాలా వద్దా అని యూకే అంతటా ఓటు పెట్టారు. స్కాట్లాండ్‌లో 62 శాతం మంది ఉందామన్నా బయటికి రావాల్సి వచ్చింది. 2014లో నాతో పాటు ఓటేసిన మా పక్కింటి పోలండ్ ఆమెకు ఈసారి ఓటే లేదు. ఆమె ముఖం చూడడానికి నాకు మొహమాటమేసింది.

అయినా రేపు మళ్లీ ఓటు పెడితే నేను బహుశా ‘నో’ అనే అంటాను. స్కాట్లాండ్ సరుకుకు అన్నిటికన్నా పెద్ద బజారు ఇంగ్లండే. ఆ దారిలో సరిహద్దు తనిఖీలు వస్తే ఏమవుతుందో, బ్రెగ్జిట్ (యూకే ఐరోపా సమాఖ్య నుంచి బయటికి రావడం) తర్వాత ఐరోపాతో వ్యాపారంలో చూశాం. ఇంటి అప్పు పౌండ్లలో ఉన్నవాడికి కొత్త కరెన్సీ మాట వింటేనే గుండె దడ. ‘యస్’ వాళ్లు ఈ రెంటికీ నాకు సరైన జవాబు చెప్పలేదు.

కానీ అడిగే దారే మూసేయడం వేరు. స్కాటిష్ పార్లమెంటుకు తనంతట తాను రెఫరెండం పెట్టే అధికారం లేదని 2022 నవంబర్ 23న యూకే సుప్రీంకోర్టు తేల్చింది. మరి ఎప్పుడు పెట్టొచ్చు? ఎంతమంది కోరితే? ఎక్కడా రాసి లేదు. ‘తరానికి ఒక్కసారి’ అని 2014లో ‘యస్’ నాయకులే అన్నారుగా అంటారు మీవాళ్లు. 2014లో ఐదేళ్లున్న మా అబ్బాయికి పదహారు దాటాయి. యూకేలోనే ఉన్న ఉత్తర ఐర్లండ్‌కైతే 1998 చట్టంలోనే రాశారు: ఐర్లండ్‌తో కలవాలని ఎక్కువమంది ఓటేసేలా కనిపిస్తే మంత్రి ఓటింగ్ పెట్టి తీరాలి, ఒకసారి పెట్టాక ఏడేళ్లలోపు మళ్లీ పెట్టకూడదు. అక్కడ ఏడేళ్లయిన గడువు ఇక్కడ అంతులేనిది ఎందుకయింది?

నేను వరంగల్‌వాణ్ణి. మేం దేశం నుంచి విడిపోతామనలేదు, దేశంలోనే రాష్ట్రం అడిగాం. రెండూ ఒకటని అనను. కానీ అడగకుండా కలిపితే ఏమవుతుందో మా ఇంట్లో మూడు తరాలకు తెలుసు. హైదరాబాద్ రాష్ట్రాన్ని విడిగా ఉంచి, 1961 ఎన్నికల తర్వాత దాని శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపమని ఫజల్ అలీ కమిషన్ 1955లో చెప్పింది. అంతవరకు ఆగకుండా 1956 నవంబర్ 1న కలిపేశారు. ఆ అడగని ప్రశ్న 1969లో రోడ్డెక్కింది, పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చివరికి 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చేదాకా అది చల్లారలేదు.

కాబట్టి నేను కోరేది ఒక్కటే. ఉత్తర ఐర్లండ్‌కు రాసినట్టే స్కాట్లాండ్‌కూ చట్టంలో రాయండి: ఓటు ఎప్పుడు, ఎవరి పిలుపుతో, ఎన్నేళ్ల ఎడంతో. 1979లో లాంటి మెలిక మాత్రం పెట్టకండి. అప్పుడు వేసిన ఓట్లలో 51.6 శాతం స్కాట్లాండ్‌కు సొంత అసెంబ్లీ కావాలన్నా, మొత్తం ఓటర్లలో 40 శాతం మంది కావాలనలేదని పక్కన పడేశారు. ఆ కోపం గురించి మా వీధిలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు.

మా అబ్బాయి ‘యస్’ అంటాడు. వాడితో రోజూ వాదిస్తున్నాను. వాడి ఓటుకు ఒక దారి ఉందని చెప్పగలిగితే, నా ‘నో’ గురించి వాడికి ఇంకా ధైర్యంగా చెప్పుకోగలను.

ఇట్లు,
లీత్‌లో ఉంటున్న ఒక వరంగల్ ఓటరు