వానాకాలంలో నేను అరగదీసిన శాడిల్స్ గురించి మా కస్టమర్లకు

మా షాపులో గిటార్ కొన్నవాళ్ళకీ, రిపేరుకిచ్చి తీసుకెళ్ళినవాళ్ళకీ ఇది రాస్తున్నాను. ముఖ్యంగా 2024 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా నా దగ్గర అకూస్టిక్ గిటార్ యాక్షన్, అంటే ఫ్రెట్ల (మెడ మీది అడ్డ లోహపు కడ్డీల) మీద తీగల ఎత్తు, తగ్గించుకున్నవాళ్ళు దయచేసి పూర్తిగా చదవండి. శాడిల్ అంటే పెట్టె మీది బ్రిడ్జిలో తీగలు ఆనే ఎముక ముక్క, దాన్ని అరగదీస్తే తీగలు కిందికి దిగుతాయి. మీలో కొందరికి నేను చేసిన పని సరిగ్గా లేదు. దాన్ని నా ఖర్చుతో సరిచేస్తాను.

మే రెండో వారంలో ఒక మాస్టారు వచ్చారు. రిటైరయ్యాక గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టిన మనిషి. రోజూ తెల్లవారుజామున గంటసేపు సాధన చేస్తారు. ఆ ఎండలో గిటార్ భుజాన వేసుకుని విజయవాడ గవర్నర్‌పేటలో మా మెట్లెక్కి వచ్చి, బల్ల మీద పెట్టి, లావు ‘ఈ’ (E) తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటారు. తీగ పలకలేదు, జీరుమంది. ‘కిందటేడు నువ్వే కదా బాబూ తగ్గించావు? అప్పుడు వెన్నలా ఉంది. ఇప్పుడు చూడు’ అన్నారు. బిల్లు పుస్తకం తిరగేశాను. 2024 అక్టోబరు, ‘శాడిల్ అరగదీత’ అని నా చేతిరాతే.

కొలిచాను. పన్నెండో ఫ్రెట్ మీద లావు తీగ ఎత్తు 1.6 మిల్లీమీటర్లుంది. అకూస్టిక్ గిటార్‌కి అక్కడ 2.4 దాకా ఉండాలి. సన్న ‘ఈ’ (E) తీగకి 1.8 చాలు. అక్టోబరులో ఆయన తెచ్చినప్పుడు 3.2 ఉందని బిల్లు వెనక రాసుకున్నాను. శాడిల్ ఒక మిల్లీమీటరు తగ్గిస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర అందులో సగమే తగ్గుతుంది. కాబట్టి 1.6 మిల్లీమీటర్లు అరగదీసి 2.4కి తెచ్చి ఇచ్చాను. ఆరోజుకి లెక్క సరిపోయింది. గిటార్ ఆరోజు ఏ స్థితిలో ఉందో మాత్రం నేను చూడలేదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్ళన్నీ మునిగిన సంగతి మనందరికీ తెలుసు. నీళ్ళలో నానిన గిటార్లని ఎవరూ ఏమీ చేయలేకపోయారు. జిగురు వదిలి పలకలు విడిపోయాయి. అటకమీద ఉన్నవీ, పై అంతస్తులో ఉన్నవీ మాత్రం బాగానే ఉన్నట్టు కనిపించాయి. కానీ ఆ ఇళ్ళ గోడలు వారాల తరబడి చెమ్మ ఓడుస్తూనే ఉన్నాయి. ఆ చెమ్మంతా పీల్చి గిటార్ పైపలక ఉబ్బింది. పలక ఉబ్బితే బ్రిడ్జి పైకి లేస్తుంది, బ్రిడ్జితోపాటు తీగలు లేస్తాయి. మాస్టారిల్లు కూడా ఆ పక్కనే. అలాంటి గిటార్లు వరసగా వస్తుంటే, ‘అన్నా, నొక్కలేకపోతున్నా’, ‘వేళ్ళు కోసుకుపోతున్నాయన్నా’ అని పిల్లలు అడుగుతుంటే, నేను ఒక్కొక్కటే తీసి శాడిల్ అరగదీసి ఇచ్చేశాను. కొన్నాళ్ళు పొడి గదిలో ఉంచి అప్పుడు కొలవాల్సింది. ఉబ్బిన కొయ్యని కొలిచి, మళ్ళీ పెంచలేని ఎముకని అరగదీశాను.

తర్వాత వేసవి వచ్చింది. వడగాలులు, ఇంట్లో రాత్రీ పగలూ ఏసీ. ఏసీ గదిలో గాలి పొడిబారుతుంది. పైపలక ఆరి కిందికి దిగింది, తీగలూ దిగి ఫ్రెట్లకి తగులుతున్నాయి. మాస్టారు వెళ్ళాక పుస్తకమంతా చూశాను. ఆ మూడు నెలల్లో శాడిల్ అరగదీసిన అకూస్టిక్ గిటార్లు పదకొండు ఉన్నాయి. నంబర్లు ఉన్నవాళ్ళందరికీ ఫోన్ చేస్తున్నాను. నంబరు మారినవాళ్ళు ఇది చూసి రండి.

వీణ తెలిసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మన పక్కనే నూజివీడులో పనస కొయ్యతో వీణలు చేస్తారు. వీణ మెట్లు మైనంలో కూర్చోబెట్టినవి. ఏళ్ళు గడిచి మైనం కుంగినా, స్వరం తేడా వచ్చినా మైనం కరిగించి మళ్ళీ మేళం కట్టించుకోవచ్చు. గిటార్ ఫ్రెట్లు చెక్కలోకి దిగగొట్టిన లోహం. వాటిని కదిలించలేం కాబట్టి మెడ వంపూ, శాడిల్ ఎత్తూ, నట్ (మెడ తల దగ్గర తీగలు ఆనే గాళ్ళ ముక్క) గాడీ సరిచూసుకోవడమొక్కటే మనకున్న దారి. ఈ మూడింటిలో మెడ వంపుని అటూ ఇటూ తిప్పుకోవచ్చు. శాడిల్, నట్ అరిగితే కొత్తవి వేయాల్సిందే. అందుకే మొదటిది మీరు ఇంట్లో చూసుకోవచ్చు, మిగతా రెండింటికీ ఎమరీ పేపర్ పట్టుకోవద్దని చెబుతున్నాను.

మెడ వంపు ఎలా చూడాలో చెబుతాను, ఎందుకంటే గరగర అని నా దగ్గరికొచ్చే గిటార్లలో చాలావాటికి సరిచేయాల్సింది అదే. ముందు గిటార్ మామూలు శ్రుతిలో పెట్టండి. తీగలు వదులుగా ఉన్నప్పుడు చూస్తే లెక్క తప్పుతుంది. మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపెట్టే క్లిప్పు) బిగించండి. కుడిచేత్తో లావు తీగని పద్నాలుగో ఫ్రెట్ దగ్గర, అంటే మెడ పెట్టెలో కలిసేచోట నొక్కండి. ఇప్పుడు ఆ తీగ మీకు స్కేలులా పనికొస్తుంది. ఏడో ఫ్రెట్ పైభాగానికీ తీగ అడుగుకీ మధ్య ఎంత సందుందో చూడండి. 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లుండాలి. కంటితో తెలియదు. ఆటోనగర్‌లో ఏ స్పేర్ పార్టుల షాపులో అడిగినా బండి టాపెట్లు సెట్ చేసే ఫీలర్ గేజ్ ఇస్తారు. నేను వాడేదీ అదే. 0.25 అని రాసున్న రేకు తీగని కదపకుండా సందులో దూరితే మెడ బాగున్నట్టు. అసలు సందే లేకపోతే మెడ నిటారుగానో వెనక్కి వంగో ఉంది, మొదటి అయిదు ఫ్రెట్లలో గరగర దానివల్లే. సందు అర మిల్లీమీటరు దాటితే తీగల లాగుడికి మెడ ముందుకి వంగింది.

మెడ లోపల ఉండే ఇనుప కడ్డీనే ట్రస్ రాడ్ అంటాం. దాన్ని బిగించే మర (తీగలానే నట్ కాదు) కొన్ని గిటార్లలో తల దగ్గర చిన్న మూత కింద, కొన్నింటిలో పెట్టె లోపల ఉంటుంది. దానికి ఎదురుగా చూస్తూ ఎలెన్ కీని గడియారం ముల్లు తిరిగేవైపు తిప్పితే కడ్డీ బిగిసి వంపు తగ్గుతుంది, ఎదురు తిప్పితే వదులై వంపు పెరుగుతుంది. ఒక్కసారికి పావు చుట్టు, అంతకంటే వద్దు. తిప్పాక మళ్ళీ శ్రుతి చేసి కొలవండి. మర్నాడు ఇంకోసారి చూడండి, కొయ్య సర్దుకోవడానికి టైం పడుతుంది. కీ పూర్తిగా లోపలికి దిగాకే తిప్పండి. సగం దిగిన కీతో బలం చేస్తే మర మూలలు అరిగిపోతాయి, అప్పుడు నా దగ్గరికి తెచ్చినా పని కష్టం. బిగుసుకుపోయి కదలకపోయినా, లోపల ఏదో కిర్రుమన్నా అక్కడే ఆపి తీసుకురండి. ట్రస్ రాడ్ వంపు కోసమే. ‘తీగలు ఎత్తుగా ఉన్నాయి, రాడ్ బిగించేశానన్నా’ అని గుంటూరు నుంచి ఒక తమ్ముడు తెచ్చిన గిటార్‌కి మెడ వెనక్కి వంగి మొదటి ఫ్రెట్ నుంచీ తీగ ఆనుకుపోయింది. సర్ది పంపాను, అదృష్టం కొద్దీ రాడ్ తెగలేదు.

నట్ సంగతి చూడాలంటే తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మొదటి ఫ్రెట్ మీద గమనించండి. వెంట్రుకంత సందు కనపడాలి. లేకపోతే ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటినప్పుడు తీగ జీరుమంటుంది. శ్రుతి చేస్తుంటే తీగ ‘టిక్’మని ఒక్కసారిగా జారుతోందంటే గాడిలో ఇరుక్కుంటోంది. ఆ గాడిలో పెన్సిల్ మొన రుద్దితే చాలు.

తీగలు మార్చడానికి చాలామంది ఇంకా నా దగ్గరికే వస్తున్నారు. వద్దనను, కానీ ఒకసారి పక్కన కూర్చోండి, నేర్పిస్తాను. తీగ వదులు చేశాకే కత్తిరించాలి. బ్రిడ్జిలో గుండుకొన పలక అడుగుకి ఆనిందో లేదో పైకి లాగి చూడాలి. తల దగ్గరి శ్రుతి కీ చుట్టూ రెండు మూడు చుట్లు పడాలి. ఆరు తీగలూ ఒకేసారి తీస్తే మెడ పాడవుతుందని కొందరికి భయం. గంటసేపు తీసి ఫ్రెట్‌బోర్డు తుడుచుకుంటే ఏమీ కాదు. నెలల తరబడి తీగల్లేకుండా ఉంచితేనే మెడ తీరు మారుతుంది. రోజూ గంట వాయించేవాళ్ళు రెండు మూడు నెలలకోసారి మార్చండి. మన ఊరి చెమటకి తీగ తొందరగా నల్లబడుతుంది, వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తుడిస్తే ఇంకొన్నాళ్ళు వస్తుంది.

నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి స్టీలు తీగలు వేయొద్దు. ఇది బతిమాలి చెబుతున్నాను. 12 నుంచి 53 సైజు స్టీలు సెట్ మొత్తం లాగుడు 70 కిలోల పైమాటే, దాదాపు మూడు పాతిక కేజీల బియ్యం బస్తాల బరువు. నైలాన్‌ది అందులో రమారమి సగం. క్లాసికల్ గిటార్ పలక ఆ సగానికే చేసింది. కిందటి డిసెంబరులో ఒక చర్చి క్వయిర్ పాప తెచ్చిన గిటార్‌కి బ్రిడ్జి పలకలో ముక్కతో సహా ఊడొచ్చింది. వాళ్ళ నాన్నగారు ‘శబ్దం పెద్దగా వస్తుందని వేశానండి’ అన్నారు. క్రిస్మస్ పాటలకి ఆ పాప నా గిటార్ తీసుకెళ్ళింది.

ఫ్రెట్‌బోర్డుకి కొబ్బరినూనె రాయకండి. కొన్నాళ్ళకి పాడై వాసనొస్తుంది, జిగటలో దుమ్ము పేరుకుంటుంది. రోజ్‌వుడ్ బోర్డుకైతే ఏడాదికి ఒకటి రెండుసార్లు గిటార్ల కోసం అమ్మే లెమన్ ఆయిల్ నాలుగు చుక్కలు గుడ్డ మీద వేసి రాసి, వెంటనే తుడిచేయండి. వార్నిష్ వేసిన మేపుల్ బోర్డుకి అదీ అక్కర్లేదు.

ఇక కొయ్యకి తగిలే గాలి. గిటార్‌కి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే సుఖం. మన దగ్గర వానాకాలంలో అది 80 కూడా దాటుతుంది. తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరొకటి కొని గిటార్ పెట్టెలో పడేయండి. వానల్లో పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి మూసి ఉంచండి. ఏసీ నెలల్లో బెజ్జాలున్న సబ్బుపెట్టెలో తడిపి గట్టిగా పిండిన స్పాంజి ముక్క పెట్టి, దాన్ని గిటార్ పెట్టెలో ఉంచండి. నీళ్ళు కారకూడదు. వేసవిలో ఫ్రెట్ల చివర్లు అరచేతికి గీసుకుంటున్నాయంటే చెక్క అడ్డంగా కుంచించుకుని లోహం బయటికొచ్చిందని అర్థం. ఆకురాయి పట్టకముందు స్పాంజితో రెండు వారాలు చూడండి. ఎండలో ఆపిన కారులో మాత్రం పది నిమిషాలైనా వదలొద్దు, జిగురు మెత్తబడి బ్రిడ్జి లేస్తుంది.

షాపు తరఫున మారేవి ఇవి. తేమ చూడకుండా, గిటార్‌ని కనీసం వారం నా గదిలో ఉంచకుండా ఇకమీద శాడిల్ అరగదీయను. తొందరుంటే ట్రస్ రాడ్, తీగల వరకు చేసి ఇస్తాను. రెండోది, తక్కువ ధర కొత్త గిటార్లు ఇంతకాలం పెట్టె విప్పి తీగలు శ్రుతి చేసి ఇచ్చేశాను. వాటిలో కొన్ని పన్నెండో ఫ్రెట్ దగ్గర 4 మిల్లీమీటర్లున్నాయని నాకు తెలుసు. ఆ ఎత్తులో ఎఫ్ కార్డ్ (చూపుడువేలితో తీగల్ని అడ్డంగా నొక్కే పట్టు) పట్టలేక పిల్లలు తమ వేళ్ళదే తప్పనుకుని మానేశారు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. ఈ నెల నుంచి ఏ ధర గిటారైనా సెటప్ (మెడ వంపు, శాడిల్, నట్ సరిచేయడం) అయ్యాకే షాపు దాటుతుంది. విడిగా డబ్బు తీసుకోను, కాకపోతే డబ్బు కట్టినరోజే గిటార్ చేతికి రాదు. ఇదివరకు కొన్నవాళ్ళు తెచ్చినా అలాగే చేసిస్తాను.

ఆ పదకొండు మందికీ కొత్త ఎముక శాడిల్ ఉచితం. ఆదివారం చర్చి వేళ అయ్యాక మధ్యాహ్నం నుంచీ, మిగతా రోజుల్లో సాయంత్రం ఆరు తర్వాతా రండి. గిటార్ వారం ఉంచాలి. నేను అరగదీసిన పాత శాడిల్‌ని వేరేచోట మార్పించి పారేసి ఉంటే ఫర్వాలేదు, ఉంటే మాత్రం తప్పకుండా తీసుకురండి.

మాస్టారి గిటార్‌కి మొన్న శనివారం కొత్తది వేశాను. లావు తీగ 2.4, సన్న తీగ 1.8. పాతది తీసి ఆయన చేతిలో పెట్టాను. అది వానాకాలానికి కొలిచి చేసిందే కదా, ఆగస్టులో పలక మళ్ళీ ఉబ్బితే అదే సరిపోతుంది. రెండింటి అడుగునా పెన్సిల్‌తో గుర్తు పెట్టాను, ఒకదానికి ‘ఎండ’, ఒకదానికి ‘వాన’. తీగలు వదులు చేసి, శాడిల్ బయటికి లాగి, రెండోది దించడం ఆయనే నా ముందు రెండుసార్లు చేసి చూశారు. ‘వాన’ని కాగితంలో చుట్టి కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుని వెళ్ళారు.