గేర్లు మార్చినంత మాత్రాన బండి ఎక్కువ బరువు మోయదు

సంపాదకుల వారికి,

అమెరికాలో పికప్ వెనక ట్రైలర్ కట్టుకుని తిరిగే మనవాళ్ల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసంలో, బండి లాగలేకపోతే వెనక యాక్సిల్ గేర్లు మార్పించుకుంటే సరిపోతుందని రాశారు. అది చదివి ఎవరైనా పిల్లాపాపలతో బయల్దేరితే ప్రమాదం. గేర్లు మారిస్తే లాగే బలం పెరుగుతుంది. మోసే బలం ఒక్క పౌండు కూడా పెరగదు.

యాక్సిల్ గేర్లను రేషియో అంకెతో చెబుతారు. 3.73 రేషియో అంటే ఇంజన్ వైపు నుంచి తిరిగే చిన్న గేరు పినియన్‌కు 11 పళ్లు, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్ వీల్‌కు 41. అంకె పెద్దదైతే చక్రానికి టార్క్, అంటే తిప్పే బలం, ఎక్కువ అందుతుంది. అదే వేగంలో ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. 3.31 నుంచి 3.73కు మారితే టార్క్‌లో దాదాపు 13 శాతం లాభం. ర్యాంపు మీద పడవను నీళ్లలోంచి పైకి లాగేటప్పుడు ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. 3.55 నుంచి 3.73కు అయితే లాభం ఐదు శాతమే. పది గేర్ల ఆటోమేటిక్ ఉన్న బండికి దాని కోసం యాక్సిల్ విప్పించడం డబ్బు దండగ.

గేర్లు నిజంగా మార్చుకోవలసింది పెద్ద టైర్లు వేసుకున్నవాళ్లు. 32 అంగుళాల టైర్ల చోట 35 వేస్తే 3.55 కాస్తా 3.25లా పనిచేస్తుంది. పాత పట్టు తిరిగి రావాలంటే 3.88 కావాలి. మామూలుగా దొరికేవాటిలో దానికి అటూ ఇటూ ఉన్నవి 3.73, 4.10. బరువు లాగేవాళ్లు 4.10 తీసుకోవడమే మంచిది. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు యాక్సిల్‌కూ అదే రేషియో వేయాలి. లేదంటే ఫోర్ వీల్‌లో పెట్టి గట్టి రోడ్డు మీద నడిపితే ముందు, వెనక యాక్సిళ్లకు బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుని ఏదో ఒకటి విరుగుతుంది. బండి కంప్యూటర్‌లో కొత్త రేషియో, టైరు కొలత ఎక్కించకపోతే స్పీడోమీటరు తప్పు చూపుతుంది, గేర్లు పడే సమయమూ తప్పుతుంది.

పని చేసే చేతిని బట్టి ఉంటుంది మిగతాదంతా. పినియన్ లోతు షిమ్ములతో, అంటే పల్చటి లోహపు రింగులతో, కుదరాలి. బ్యాక్‌లాష్, అంటే రెండు గేర్ల పళ్ల మధ్య సందు, సాధారణంగా అంగుళంలో వెయ్యోవంతులు ఆరు నుంచి పది మధ్య ఉండాలి, కచ్చితమైన అంకె గేర్ సెట్టుతో వచ్చే కాగితంలో ఉంటుంది. పళ్లకు పసుపు రంగు పేస్టు పూసి తిప్పి చూస్తే, పడిన మచ్చ పంటి ఎత్తులో నడిమికి రావాలి. అడుగుకు దిగితే పినియన్ మరీ లోపలికి వెళ్లినట్టు, అంచుకు ఎక్కితే మరీ బయటికి ఉన్నట్టు. పినియన్ బేరింగుల మధ్య నలిగి బిగింపును నిలిపే క్రష్ స్లీవ్‌ను ఎక్కువ బిగిస్తే నట్టు వెనక్కి వదులు చేసి సర్దేయకూడదు, కొత్త స్లీవ్ వేయాల్సిందే. అలా వదులు చేసిన యాక్సిలే నాలుగు నెలలకు ఊళ పెడుతుంది. కొత్త గేర్లతో మొదట 15-20 మైళ్లు నెమ్మదిగా నడిపి పూర్తిగా చల్లారనివ్వాలి. 500 మైళ్ల దాకా ట్రైలర్ తగిలించకూడదు, ఆ తర్వాత గేర్ ఆయిల్ మార్చాలి. ఈలోపే బరువు లాగితే పళ్లు వేడెక్కి మెత్తబడతాయి, ఇక ఆ సెట్టు పనికిరాదు.

ఇంత చేసినా డ్రైవర్ డోర్ పక్క స్తంభం మీది పసుపు స్టిక్కర్‌లో అంకె మారదు. మనుషులూ సామానూ కలిసి ఎంత బరువు మించకూడదో దాని మీద ఉంటుంది. 6,000 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్ అనుకోండి. ట్రైలర్‌ను తగిలించే గుండు, అంటే బాల్ మీద పడే బరువు ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, 13 వేసుకుంటే 780 పౌండ్లు. బండికి ట్రైలర్‌ను కలిపే హిచ్ సరంజామా వంద. ఐదుగురు మనుషులూ వాళ్ల పెట్టెలూ 800. మొత్తం 1,680. డబుల్ క్యాబ్, సన్‌రూఫ్, తోలు సీట్లు ఉన్న ఖరీదైన పికప్‌లలో ఆ స్టిక్కర్ 1,500 కూడా చూపని బళ్లు చాలా ఉన్నాయి. ఇంత బరువు లాగుతుందని ప్రకటనల్లో కనిపించే పెద్ద అంకె, ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన జె2807 అనే పరీక్షా పద్ధతి ప్రకారం తేల్చింది. అందులో బండిలో ఉన్నట్టు లెక్కేసేది 150 పౌండ్ల చొప్పున ఇద్దరినే.

బాల్ మీద బరువు తగ్గించాలని కొందరు ట్రైలర్‌లో సామాను వెనక్కి జరుపుతారు. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే. పది శాతం కంటే దిగితే హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలవుతుంది, బండిని తనతో పాటు ఈడ్చుకుపోతుంది. సామాను అరవై శాతం ట్రైలర్ ఇరుసుకు ముందే ఉండాలి. బాల్ మీది బరువులో కొంత ముందు చక్రాలకు పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ బిగించేవాళ్లు, ట్రైలర్ తగిలించకముందే బండి ముందు చక్రం పైన ఫెండర్ ఎత్తు కొలవాలి. 38 అంగుళాలు ఉన్నది తగిలించాక 39 అయితే, కనీసం 38న్నరకు దిగేదాకా ఆ హిచ్ బార్లు బిగించాలి. చివరగా ట్రక్ స్టాప్‌లో తూకం వేయించి, ఒక్కో యాక్సిల్ మీది బరువును డోర్ మీది పరిమితితో పోల్చుకోవాలి.

ఆ వ్యాసంలోని మాటను సవరిస్తూ, పసుపు స్టిక్కర్ సంగతిని కూడా వచ్చే సంచికలో వేయగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
డాలస్, టెక్సస్